విరగాల్సిన పిన్ను విరగకపోతే: ఒక ఏడడుగుల బ్లేడు కేసు

రోహిణి కార్తె మొదలై మూడు రోజులైంది. మధ్యాహ్నం రెండింటికి, ట్రాక్టరు వెనుక తగిలించి మట్టి చదును చేసే బ్లేడు ఒకటి ట్రాలీలో వచ్చి మా రిపేరు షాపు ముందు దిగింది. నర్సంపేట దాటాక పాకాల ఆయకట్టు వైపు ఊరు వాళ్లది. ట్రాక్టరు 45 హార్స్‌పవర్, బ్లేడు ఏడడుగులది. యజమాని అరవై దాటిన రైతు. డ్రైవరుకు పాతికేళ్లుంటాయి. పెద్దాయన దిగుతూనే, "తమ్ముడూ, ఇది నాసిరకం ఇనుము. అమ్మినవాళ్లను నిలదీయాలి. నువ్వు చూసి ఒక కాగితం రాసివ్వు" అన్నారు. డ్రైవరు మాత్రం బ్లేడు వైపు చూస్తూ నిలబడ్డాడు, నోరు విప్పలేదు.

కాగితం రాసే ముందు ఇనుమును చూడాలి కదా. బ్లేడును నాలుగు దుంగల మీద పెట్టించి, మట్టి కడిగించి, ఒక్కో భాగం చూసుకుంటూ వెళ్లాను.

పైకి కనిపించిన నష్టం ఇది. ట్రాక్టరు కుడివైపు లోయర్ లింకు, అంటే బ్లేడును మోసే కింది రెండు చేతుల్లో ఒకటి, విల్లులా వంగిపోయింది. రెండు చివరలకూ దారం కట్టి చూస్తే నడుమ ఒకటిన్నర అంగుళం తేడా వచ్చింది. లింకు పక్కలకు ఊగకుండా పట్టే కుడివైపు చెక్ చైను ఒక కొక్కెం దగ్గర సాగింది. బ్లేడు నడుమ దూలం, ముందున్న ఏ-ఫ్రేమ్‌కు (బ్లేడును లింకులకు తగిలించే చట్రానికి) అతికే చోట వెల్డింగు మూడు వైపులా చీలి, నాలుగో వైపు మాత్రమే పట్టుకుని ఉంది. నేలను కోసే కటింగ్ పట్టీ కుడి మూల బొటనవేలంత మేర లోపలికి నొక్కుకుపోయింది. పైనున్న మూడో చేయి, టాప్ లింకుకు ఏమీ కాలేదు. ఎడమ లింకు తిన్నగానే ఉంది.

బ్లేడు కోణం సర్దుకునే చక్రం మీది లాక్ పిన్ను కూడా చెక్కుచెదరలేదు. నన్ను ఆపింది అదే. ఇంత నష్టం జరిగిన చోట ఆ పిన్ను నిలబడి ఉండకూడదు.

చీలిక చెప్పిన సంగతి

వెల్డింగు చీలిన చోటును పూర్తిగా విడదీసి, వెలుతురులోకి తెచ్చి చూపించాను. పెద్దాయనకు కళ్లద్దాలు ఇచ్చి దగ్గరగా చూడమన్నాను. చీలిన ముఖం రెండు రంగుల్లో ఉంది. సగానికి పైగా గోధుమరంగు తుప్పు. మిగతాది ఇప్పుడే విరిగిన బెల్లం ముక్కలా గరుకుగా, మెరుస్తూ ఉంది. తుప్పు పట్టిన భాగంలో ఒకదాని వెనుక ఒకటిగా సన్నని గీతలు కనిపించాయి. వేసవిలో చెరువు దిగుతున్నకొద్దీ కట్ట రాళ్ల మీద నీటి గీతలు మిగులుతాయే, సరిగ్గా అలాంటివి.

ఆ గీతల అర్థం ఏమిటంటే, చీలిక ఒక్కరోజులో పుట్టింది కాదు. దెబ్బ తగిలినప్పుడల్లా కొంచెం ముందుకు జరిగి ఆగింది. ఆగిన చోట గాలీ తేమా తగిలి తుప్పు పట్టింది. మళ్లీ దెబ్బ తగిలితే మళ్లీ జరిగింది. మెరుస్తున్న భాగం ఒక్కటే చివరి రోజుది. నాసిరకం ఇనుమైతే, వెల్డింగు లోపలికి దిగకపోతే, ఆ ముఖం మీద బుడగల గుంటలో, రెండు పలకలు కలవకుండా మిగిలిన నల్లటి సందో కనబడాలి. ఇక్కడ అలాంటివేమీ లేవు. అమ్మినవాళ్ల మీద తగవుకు నేను కాగితం రాయలేనని చెప్పాను. పెద్దాయనకు నచ్చలేదు, అయినా విన్నారు.

"తమ్ముడూ, లాక్ పిన్ను ఎప్పుడు మార్చారు?" అని డ్రైవరును అడిగాను.

"ఫిబ్రవరిలో అన్నా. మీ దగ్గరే."

పిన్ను బయటికి తీసి తల తుడిచాను. 10.9 అని గుర్తు ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. మాటిమాటికీ పిన్ను వంగుతోందని, పని ఆగుతోందని ఈ కుర్రాడే వచ్చాడు. మా షాపులో ఆ రోజు రద్దీగా ఉంది. ఎందుకు వంగుతోందని నేను అడగలేదు. 16 మిల్లీమీటర్ల హైటెన్షన్ (గట్టి ఉక్కు) బోల్టు ఒకటి వేసి పంపాను. ఈ నష్టంలో నా వంతు ఉంది. ఆ మాట ఆ ఇద్దరి ముందూ చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. తోటి మెకానిక్కులు ఈ కేసులో ముందుగా చూడాల్సింది ఈ బోల్టునే.

పిన్ను లెక్క

బోల్టు తల మీద గ్రేడు గుర్తులో చుక్కకు ముందున్న సంఖ్య దాని తెగే బలాన్ని చెబుతుంది. మెత్తని ఉక్కు 4.6 అంటే చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటన్లు, 10.9 అంటే 1000. అంటే రెండున్నర రెట్లు. అడ్డంగా కోసే బలం దానిలో సుమారు పదింట ఆరు వంతులు అనుకుంటే, 16 మిల్లీమీటర్ల మెత్తని పిన్ను 5 టన్నుల దగ్గర తెగుతుంది. 10.9 గ్రేడుది 12 టన్నులు దాటేదాకా తెగదు.

ఇప్పుడు బ్లేడు వైపు చూద్దాం. ఏడడుగుల బ్లేడులో నడుమ నుంచి మూలకు 42 అంగుళాలు. లాక్ పిన్ను నడిమి ఇరుసు నుంచి 6 అంగుళాల దూరంలో ఉంటుంది. మూలకు తగిలిన దెబ్బ పిన్ను దగ్గరికి వచ్చేసరికి ఏడు రెట్లవుతుంది. గడ్డపారతో బండను లేపేటప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే ఇది మనకు ఎదురు తిరిగిన గడ్డపార. మెత్తని పిన్ను ఉంటే, మూల మీద 700 కిలోల బలం పడగానే అది తెగి బ్లేడు గిర్రున తిరుగుతుంది. దెబ్బ అక్కడితో పోతుంది. 10.9 వేస్తే మూల మీద 1,700 కిలోలు దాటినా బ్లేడు కదలదు. పిన్ను ఆపిన బలమంతా దూలంలోకి, ఏ-ఫ్రేమ్‌లోకి, లోయర్ లింకుల్లోకి వెళుతుంది. కొన్ని బండ్లలో అది లింకులను ఎత్తే హైడ్రాలిక్ పెట్టె, లిఫ్ట్ హౌసింగు దాకా పోతుంది. అప్పుడు ఖర్చు బ్లేడు ధరను మించిపోవచ్చు.

పిన్ను వంగడం బ్లేడు లోపం కాదు. డ్రైవరుకు అది ఒక కబురు తెస్తోంది. ఫిబ్రవరిలో నేను ఆ కబురు తెచ్చేవాడి నోరు మూశాను.

మొద్దు దగ్గర

మర్నాడు పొద్దున్నే పొలానికి వెళ్లాను. షాపులో కూర్చుని చెప్పే కారణం సగం కారణమే అవుతుందని నా అనుభవం.

రెండెకరాల చల్కా నేల. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి మా వైపు చెరువు మట్టి తోలుకోవడం బాగా పెరిగింది. ఎర్ర నేలకు ఆ ఒండ్రు బలం, నీరు పట్టి ఉంచుతుంది. ఈ పొలంలో కూడా టిప్పర్లతో తోలిన కుప్పలు వరుసగా ఉన్నాయి, ఒక్కోటి నడుమెత్తు. పత్తి గింజలు పెట్టేలోగా పరిచేయాలన్న తొందర. మృగశిర వానలు పడితే ఇక బ్లేడు పెట్టే వీలుండదు. ఆ తొందరను నేను తప్పు పట్టను.

డ్రైవరు చేసిన పని చూపించమన్నాను. ఇంకో బండి తెచ్చి చూపించాడు. బ్లేడును ఏటవాలుగా తిప్పి బిగించి, రివర్సులో వేగంగా వచ్చి కుప్పను వెనక్కి కొట్టడం. గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు తగ్గదు. కుప్ప ఒక్క దెబ్బకు పడిపోతుంది, చూడటానికి పని చకచకా సాగుతుంది. నాలుగో వరుస చివర ఒక కుప్ప సగం పడి ఆగి ఉంది. గడ్డపారతో మట్టి తీస్తే కింద తుమ్మ మొద్దు. ఎప్పుడో నేలమట్టానికి నరికినది, రెండు చేతులు చాచితే గానీ అందదు. దాని మీద బ్లేడు మూల దిగిన గుంట, ఆ గుంటలో నీలం రంగు పెచ్చు కనిపించాయి. పట్టీ మూలను కొలిచి తెచ్చుకున్న అట్టముక్క ఆ గుంటలో సరిగ్గా కూర్చుంది.

రెండు టన్నుల బండి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో వస్తూ ఆగితే, 3 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఆగినప్పటి కంటే ఏడు రెట్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. ఇక్కడ అది కుడి లింకులో ఖర్చయింది.

ఎడమ లింకుకు ఏమీ కాకుండా కుడిదే ఎందుకు వంగింది అని పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. నేల మీద పుల్లతో గీసి చూపించాను. రివర్సులో కుడి మూల మొద్దుకు తగిలితే మొద్దు ఆ మూలను ట్రాక్టరు వైపు నెడుతుంది. బ్లేడు మొత్తం మెలి తిరగాలని చూస్తుంది. రెండు లింకుల నడుమ దూరం 33 అంగుళాలు అనుకుందాం. మూల నడుమ నుంచి 42 అంగుళాల దూరంలో, అంటే లింకులకు బాగా బయట ఉంది. లెక్క కడితే మూల మీద పడిన బలానికి ఒకటిముప్పావు రెట్ల నొక్కుడు ఒక్క కుడి లింకు మీదే పడుతుంది. ఎడమ లింకు మీద పడేది నొక్కుడు కాదు, లాగుడు, అదీ ముప్పావు వంతు. లోయర్ లింకు పొడవాటి పట్టీ. లాగితే ఎంతో తట్టుకుంటుంది, చివరల నుంచి నొక్కితే నడుమ వంగుతుంది. చీపురు పుల్లను రెండు వేళ్ల మధ్య లాగి చూడండి, తర్వాత నొక్కి చూడండి.

అదే దెబ్బ ముందుకు లాగేటప్పుడు తగిలి ఉంటే లెక్క తిరగబడేది. పెద్ద బలం కుడి లింకును లాగేది, ఎడమ లింకు మీద పడే నొక్కుడు దానిలో సగం కూడా ఉండేది కాదు. వెనుక బ్లేడు లాగడానికి పుట్టిన పనిముట్టు అని నేను అనేది ఈ లెక్క చూసే. బుల్డోజరుకు బ్లేడు వెనుక దాన్ని నెట్టడానికే చేసిన బలమైన చేతులు ఉంటాయి. ట్రాక్టరు మూడు లింకులు నాగలిని, గొర్రును లాగడానికి పెట్టినవి.

మరో సంగతి కూడా దొరికింది. ఈ బ్లేడు కొన్నప్పుడు ఆయన దగ్గర చిన్న బండి ఉండేది. దాని పిన్నులు కేటగిరీ 1, అంటే 22 మిల్లీమీటర్లవి. కొత్త బండి లింకు రంధ్రాలు కేటగిరీ 2, 28 మిల్లీమీటర్లవి. నడుమ వేయాల్సిన బుష్‌లు వేయలేదు. ఆరు మిల్లీమీటర్ల సందులో పిన్ను ప్రతి గతుకుకూ సుత్తిలా కొడుతూ వచ్చింది. ఆ చీలిక గీతల్లో కొన్ని ఈ సుత్తి దెబ్బలవే అయి ఉండాలి. పిన్ను జారకుండా చివర పెట్టే లించ్ పిన్నుకు బదులు ఒకవైపు వంచిన మేకు పెట్టారు. ఆ మేకు జారిపోతే రోడ్డు మీద బ్లేడు ఒకవైపు తెగి పడుతుంది. నేను అక్కడే పీకేశాను.

చేసిన మరమ్మతు

దూలం వెల్డింగును పైపైన అతికించలేదు. పాత చీలిక పూర్తిగా పోయేదాకా గ్రైండరుతో వి ఆకారంలో తవ్వించాను. చీలిక కొస మిగిలి ఉంటే కొత్త వెల్డింగు కిందే మళ్లీ పాకుతుంది. కొస ఎక్కడుందో తెలుసుకోవడానికి మా నాన్నగారి కాలం నాటి పద్ధతే వాడాను. కిరోసిన్ రాసి పావుగంట ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి రుద్దాలి. చీలికలోకి దిగిన కిరోసిన్ మెల్లగా బయటికి వచ్చి తెల్లటి సుద్ద మీద తడి గీత గీస్తుంది. కంటికి తుప్పు చీలిక అయిపోయిందని అనిపించిన చోటు నుంచి ఇంకో ముప్పావు అంగుళం గీత సాగింది. అదంతా తవ్వి, ఆ చోటును దీపంతో వెచ్చబెట్టి, పొయ్యిలో ఆరబెట్టిన 7018 రాడ్లతో పొరలు పొరలుగా నింపాం. వానాకాలంలో ఈ రాడ్లను తెరిచి పెట్టేసి వాడితే చెమ్మ చేరి వెల్డింగు పక్కనే చీలుతుంది. షాపుల్లో ఎక్కువ మంది పట్టించుకోని విషయం ఇది. మూలల్లో మూడుకోణాల పలకలు నాలుగు అదనంగా పెట్టాం.

లోయర్ లింకు విషయంలో చిన్న వాదన జరిగింది. వేడి చేసి తిన్నగా కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నారు పెద్దాయన. నేను ఒప్పుకోలేదు. ఎర్రగా కాల్చి కొడితే దానికి ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం పోతుంది, చూడటానికి తిన్నగా ఉన్నా తర్వాతి చిన్న దెబ్బకు అక్కడే వంగుతుంది. బ్లేడు పైకెత్తి రోడ్డు మీద వెళ్లేటప్పుడు వెనుక బైకుల మీద మనుషులు వస్తుంటారు. కొత్త లింకే వేశాం. సాగిన చైను కూడా మార్చాం. 28 మిల్లీమీటర్ల పిన్నులు లేత్ మీద చేయించి, పక్క కదలిక ఒక అంగుళం లోపు ఉండేలా చైన్లు బిగించాం. నాగలికి కొంత ఊగు ఉండాలి, బ్లేడుకు ఆ ఊగు పనికిరాదు.

కటింగ్ పట్టీని తిప్పి వేశాం. దానికి రెండు అంచులుంటాయి. కింది అంచు అరిగి వెనుక పలకను నేల రాసుకోకముందే తిప్పుకోవాలి. ఈ పని అర్ధగంటది.

లాక్ పిన్ను చోట 16 మిల్లీమీటర్ల మామూలు మెత్తని ఉక్కు పిన్నే పెట్టాను. అలాంటివే ఇంకో నాలుగు చేయించి, తీగకు గుచ్చి టూల్ బాక్సులో కట్టాను. డ్రైవరు వాటిని చూసి, "ఇవి మళ్లీ తెగుతాయి కదా అన్నా" అన్నాడు.

"తెగాలి తమ్ముడూ. తెగిన రోజు బండి దిగి, ఎందుకు తెగిందో చూడు. చూశాకే కొత్తది వెయ్యి."

పొలంలో ఒక పూట

మరమ్మతు కంటే ముఖ్యమని నేను అనుకున్న పని ఇది. బ్లేడు బిగించాక అదే పొలంలో ఆ కుర్రాడితో ఒక పూట గడిపాను. మొదట బండి ఎక్కకుండా గడ్డపార పట్టుకుని ఇద్దరం నడిచాం. ప్రతి కుప్ప అడుగునా గుచ్చి చూశాం. ఖంగుమన్న చోట, బరువుగా ఆగిన చోట సున్నం చల్లాం. ఆ రెండెకరాల్లో ఇంకో మొద్దు, నేలలోంచి కొద్దిగా తేలిన బండ ఒకటి దొరికాయి. ఓరుగల్లు చుట్టుపక్కల నేల గ్రానైటు రాతి మీద పరిచిన దుప్పటి లాంటిది, ఎక్కడ పలచబడుతుందో చెప్పలేం.

కుప్పను పరచడానికి బ్లేడు తిన్నగా పెట్టి, పైకెత్తి, మెల్లగా వెనక్కి వెళ్లి, కుప్ప నెత్తిన దించి, ముందుకు లాగమన్నాను. ఒక్కసారికి ఒక జానెడు పొర. కుప్పకు ఐదారు లాగుళ్లు పడతాయి. రివర్సులో నెట్టక తప్పని చోట, గట్టు వారగా మట్టి చేర్చాల్సినప్పుడు, బ్లేడును పూర్తిగా వెనక్కి తిప్పి, లో గేరులో, మనిషి నడక కన్నా నెమ్మదిగా, వదులు మట్టిని మాత్రమే నెట్టాలి. ఏటవాలుగా ఉన్న బ్లేడుతో మాత్రం రివర్సులో నెట్టకూడదు. మూల ముందుగా తగిలేది అప్పుడే. మలుపు తిరిగే ముందు బ్లేడు నేలను వదలాలి. దించిన బ్లేడుతో స్టీరింగు తిప్పితే నేల మొత్తం లింకులను పక్కకు విరుస్తుంది.

ఇంకో అలవాటు గురించి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. గట్టి నేలలో బ్లేడు దిగకపోతే మనుషులను దాని మీద నిలబెట్టడం. బండి లివరును అడుగుకు దించినా హైడ్రాలిక్సు బ్లేడును కిందికి నొక్కవు, వాటికి ఎత్తడమే తెలుసు. బ్లేడు తన బరువుతోనే ఆనుతుంది. దిగకపోతే టాప్ లింకును కొంచెం పొడుగు చేస్తే కింది అంచు ముందుకు వచ్చి మట్టిని కొరుకుతుంది. అయినా దిగకపోతే ముందు గొర్రుతో దున్ని, వదులైన మట్టిని బ్లేడుతో లాగాలి. మనిషిని మాత్రం ఎక్కించకూడదు. ఒక కుదుపు చాలు, జారితే పడేది బ్లేడు ముందో చక్రం పక్కనో. డ్రైవరు తన తమ్ముడిని రెండుసార్లు అలా నిలబెట్టానని చెప్పాడు. ఆ మాట విని పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రానికి మూడు వరుసలు అయ్యాయి. పాత పద్ధతిలో ఐదు అయ్యేవని కుర్రాడు నిజాయితీగానే చెప్పాడు. నేను కాదనలేదు. బండి మా షాపులో పనిలేకుండా నిలబడిన ఆరు రోజులు కూడా కలిపి లెక్క వేయమన్నాను. ఆ వారంలోనే మొదటి వాన పడింది. మిగిలిన కుప్పలను ఆయన కూలీలతో పరిపించుకోవాల్సి వచ్చింది.

ఆరు నెలల తర్వాత

వరి కోతలు అయ్యాక, యాసంగి నాట్లకు ముందు, డ్రైవరు ఒక్కడే వచ్చాడు. జేబులోంచి తెగిన పిన్నులు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. రెండింటి ముఖమూ ఒకే రంగులో, ఒకే తీరుగా అడ్డంగా కోసినట్టు ఉన్నాయి. పాత తుప్పు లేదు, గీతలు లేవు. ఒకటి బావి గట్టు రాయికి తగిలి తెగిందట. ఇంకోటి పక్క రైతు పొలంలో హద్దు రాయికి. రెండుసార్లూ దిగి చూశానని, రెండోసారి ఆ రాయి చుట్టూ ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు పాతానని చెప్పాడు.

బ్లేడును మళ్లీ కడిగించి వెల్డింగు మీద కిరోసిన్, సుద్ద వేశాం. గీత రాలేదు. కొత్త లింకుకు దారం కట్టి చూస్తే నడుమ తేడా లేదు. ఎడమ పిన్నులో అరుగుదల ఒక మిల్లీమీటరు లోపు ఉంది, వచ్చే రోహిణికి మళ్లీ కొలవాలని చీటీ మీద రాసి ఇచ్చాను. తుమ్మ మొద్దు సంగతి అడిగితే, దసరా తర్వాత పెద్దాయన జేసీబీ పెట్టి పెకలించేశారని, వేరు మూడడుగుల లోతుకు ఉందని చెప్పాడు. వెళ్తూ ఇంకో నాలుగు మెత్తని పిన్నులు కొనుక్కుని అదే తీగకు గుచ్చుకున్నాడు.